పరరాజ్య నీతియు గృహస్థుని ధర్మమును

తన యింటి వ్యవహారములను చక్కబెట్టుకొనుటయే కష్టముగా నున్న గృహస్థునకు, తన ప్రభుత్వము పరరాజ్యములతో నడుపు వ్యవహారములతో పనియేమి? ఈ ప్రశ్నను రెండు తెగలవారు వేయుచుందురు. ఏలికలు వేసినప్పుడు దీనియందు కొంత గర్వము ధ్వనించును. గృహస్థుడు తనకు తానే వేసికొన్నప్పుడు కొంత వినయము కనబడును. ఇది మీకు తెలియని విద్య, మాకు విడిచిపెట్టుడని వారందురు. మాకేమి తెలియును, పెద్దలు చూచుకొందురులే యని వీరందురు. గర్వమును వినయమును పరస్పర విరుద్ధములైన గుణములే. అయినను ఇచ్చట రెండింటి ఫలమును ఒక్కటియే. యుద్ధమును, సంధిని, సరిహద్దును నిర్ణయించువారు కొందరు. ఆ నిర్ణయముల ఫలమును అనుభవించువారు వేఱొకరు. కర్త యొకడును భోక్త మఱియొకడును అగుట ఎచ్చట సంభవించునో అచ్చట ధర్మవిచారము అవసరమగును.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పిన మాట ఈ సందర్భమున తఱచుగా వినవచ్చును. మాట మంచిదే. కాని యిల్లెచ్చట ముగియునో, రచ్చ యెచ్చట మొదలగునో నిర్ణయించు అధికారము ఇంటివాని చేతిలో ఉన్నంతవఱకే ఆ మాట చెల్లును. ఇంటి పెరటిలో నుండియే రెండు రాజ్యముల సరిహద్దు పోవునని యెవరో నిశ్చయించిన నాడు ఇల్లే రచ్చ యగును.

ఇది యూహామాత్రము కాదు. పశ్చిమ బెంగాలులోని జల్పాయిగుడి జిల్లాలో బేరుబారి యను గ్రామసముదాయము కలదు. దాని వైశాల్యము తొమ్మిది చదరపు మైళ్లకు లోపు. ఆనాటి జనసంఖ్య పది పండ్రెండు వేలు. 1947లో దేశవిభజన జరిగినప్పుడు అది భారతదేశమున నిలిచినది. 1952లో పాకిస్తాను దానిపై వివాదమును లేవనెత్తినది. 1958 సెప్టెంబరులో భారత ప్రధాని నెహ్రూయు, పాకిస్తాను ప్రధాని ఫిరోజ్ ఖాన్ నూనును ఢిల్లీలో సమావేశమై, అనేక సరిహద్దు తగవులతో పాటు దీనిని గూడ పరిష్కరించి, బేరుబారిలో సగభాగమును పాకిస్తానునకు ఇచ్చుటకు ఒప్పుకొనిరి. ఇద్దఱును శాంతిని కోరియే ఒప్పుకొనిరనుటలో సందేహము లేదు. కాని పొలము దున్నుకొనుచున్న రైతు తన నాగలిచాలు ఇకపై ఏ దేశమునకు చెందునో ఒకనాటి వార్త వలన తెలిసికొనవలసివచ్చెను. పశ్చిమ బెంగాలులో తీవ్రమైన వ్యతిరేకత బయలుదేఱినది. విషయము సుప్రీం కోర్టు అభిప్రాయమునకు పంపబడినది. దేశభూభాగమును పరరాజ్యమునకు ఇచ్చివేయుటకు ప్రభుత్వ ఒప్పందము చాలదనియు, రాజ్యాంగమును సవరింపవలసి యుండుననియు 1960 మార్చిలో ఆ న్యాయస్థానము అభిప్రాయపడినది. ఆ సంవత్సరముననే తొమ్మిదవ సవరణ చేయబడినది. అయినను బేరుబారి విభజన అమలు జరుగలేదు. కడకు 1974లో భారత బంగ్లాదేశ్‌ల మధ్య కుదిరిన ఒప్పందము ననుసరించి అది భారతదేశముననే యుండిపోయినది. పదునాఱేండ్లపాటు ఆ గ్రామస్థులు తమ యూరిలోనే నివసించుచు, తాము ఏ దేశమున మిగులుదుమో ఎఱుగక యుండిరి.

ఇక్కడ ధర్మప్రశ్న ఏది? గ్రామస్థుల యిష్టము ననుసరించియే రాజ్యములు సరిహద్దులను గీయవలెనని చెప్పినచో, ప్రతి గ్రామమును ఒక వీటో పొందినట్లగును. ఇరుగుపొరుగు రాజ్యముల మధ్య సంధియే అసాధ్యమగును. వారి యిష్టముతో పనియే లేదని చెప్పినచో, స్వతంత్ర దేశ పౌరునకును, గడియారములవలె, పశువులవలె చేతులు మాఱు వస్తువునకును భేదము లేకపోవును. ఈ రెండింటి నడుమ త్రోవ యొకటి కావలెను. నిర్ణయము ప్రతినిధులదే కావచ్చును. కాని ఆ నిర్ణయమునకు కారణములేవో, ఎదుటివాని వాదమేదో, తాము పోగొట్టుకొనునదేదో, పొందునదేదో ముందుగా ఎఱుగు హక్కు పౌరులది. ఎఱుగుట హక్కైనచో, ఎఱుగుటకై శ్రమించుట ధర్మమగును. హక్కును మాత్రము స్వీకరించి, శ్రమను పరిహరించువాడు సగము పౌరుడే.

ప్రజలసమ్మతి లేని పరరాజ్య నీతి యెట్టిదో భారతీయులకు ఇతరులు బోధింపవలసిన పని లేదు. మొదటి ప్రపంచయుద్ధమున పది లక్షలకు పైగా భారతీయులు పరదేశ రణరంగములకు పంపబడిరి. డెబ్బదివేలకు పైగా మరణించిరి. ఆ యుద్ధమేల సంభవించెనో వారిలో ఎందఱకు ఎవరు చెప్పిరి? 1939 సెప్టెంబరు 3వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో, కేంద్ర శాసనసభను గాని, జాతీయ నాయకులను గాని సంప్రతింపకయే, భారతదేశము యుద్ధమునందున్నదని ప్రకటించెను. ఆ కారణముననే ఎనిమిది రాష్ట్రములలోని కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా లిచ్చినవి. నాజీల గెలుపును కోరి వారు రాజీనామా లీయలేదు. తమ్ము అడుగకయే తమ పేర యుద్ధము ప్రకటింపబడినదను బాధతో ఇచ్చిరి. పరుల పాలనలో అది అన్యాయమైనచో, స్వపాలనలో అదియే న్యాయము కాజాలదు. పాలించు చేయి మాఱినంతమాత్రమున మౌనము సమ్మతిగా మాఱదు.

జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1795లో శాశ్వత శాంతిని గూర్చి వ్రాసిన గ్రంథమున, యుద్ధభారమును మోయవలసిన పౌరుల సమ్మతియే యుద్ధమునకు ఆవశ్యకమైనచో వారు బాగుగా ఆలోచించి గాని ఒప్పుకొనరని వాదించెను. పందొమ్మిదవ శతాబ్దపు ఆశలకెల్ల ఇది మూలము. ఇరువదవ శతాబ్దము ఈ యాశను కఠినముగా పరీక్షించినది. 1914లో యూరపు నగరముల వీథులలో పౌరులే యుద్ధమును జయజయధ్వానములతో ఎదుర్కొనిరి. ఈ యనుభవము పిమ్మట అమెరికాలో వాల్టర్ లిప్‌మన్ అను రచయిత, లోకము సామాన్యుని కంటికి అందనంతగా పెరిగినదనియు, వాని మనస్సులో నుండునది లోకము కాక లోకమును గూర్చిన బొమ్మ మాత్రమేననియు 1922లో వాదించెను. ఆ బొమ్మను చూచి యిచ్చు తీర్పునకు విలువ యెంత? దీనికి జాన్ డ్యూయీ 1927లో సమాధానము చెప్పెను. లోపము సామాన్యుని బుద్ధిలో లేదు. నలుగురు కూర్చుండి తమ కష్టసుఖముల మూలములను పరిశీలించుకొను పద్ధతులు నశించుటలో నున్నది. వ్యాధి అది యైనచో మందు నిపుణుల పాలన కాదు, మంచి సంభాషణయే యని ఆయన భావము.

ఈ భావమును ఆచరణలో పెట్టిన ప్రయత్నములలో నొకటి 1954లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రమున పోర్టులాండు నగరమున మొదలైనది. ఫారిన్ పాలసీ అసోసియేషన్ అను సంఘము 1918లో, భావి నానాజాతి సమితిని సమర్థించు ఉద్దేశముతో, వేఱొక పేర స్థాపింపబడినది. అది పోర్టులాండులో నెలకొల్పిన కార్యక్రమమునకు ‘గ్రేట్ డెసిషన్స్’ అనగా మహానిర్ణయములని పేరు. పద్ధతి చాల సులభము. సంవత్సరమునకు ఎనిమిది విషయములు నిర్ణయింపబడును. ప్రతి విషయమునకును చరిత్రను, భిన్నవాదములను, ప్రభుత్వమునకు గల మార్గములను వివరించు చిన్న వ్యాసము ముద్రింపబడును. ఇరుగుపొరుగువారు పదిమంది ఒకరి యింటిలోనో, గ్రంథాలయములోనో, చర్చి మందిరములోనో కూడుదురు. అందఱును ముందుగా చదివి రావలెను. ఉపన్యాసకుడుండడు, చర్చను నడుపువాడు మాత్రముండును. కడపట ప్రతివారును తమ యభిప్రాయమును ఒక పత్రముపై గుర్తింతురు. ఆ పత్రములను లెక్కించి ప్రభుత్వమునకును, చట్టసభ సభ్యులకును తెలియజేయుదురు. ఈ పద్ధతి అచిరకాలముననే అమెరికాలోని ఇతర నగరములకు వ్యాపించినది.

దీనిని పొగడుటకు ముందు దీనియందలి లోపములను తలచుట న్యాయము. మొదటిది: ఎనిమిది విషయములను ఎంచువారెవరు? ప్రశ్నను రచించువాడు సమాధానములో సగమును ముందే రచించి యుంచును. ఏ దేశములో తమ ప్రభుత్వము చేసిన అన్యాయము ప్రశ్నగా నైనను రూపొందదో, ఆ యన్యాయము ఎంత చక్కని చర్చయందైనను కనబడదు. రెండవది: అట్టి చర్చలకు వచ్చువారు సాధారణముగా చదువును, తీరికయు గలవారు. యుద్ధమునకు కుమారుని పంపువాడు ఆ సమయమున కర్మాగారములో రాత్రి పని చేయుచుండును. మూడవదియు, అన్నింటికంటె పెద్దదియు నగు లోపము, ఫలమునకు సంబంధించినది. ఈ చర్చలు మొదలైన పది సంవత్సరములకే, 1964 ఆగస్టులో, టాంకిన్ సింధుశాఖ తీర్మానము అమెరికా కాంగ్రెసు ముందుకు వచ్చినది. వియత్నామున సైనికబలమును వినియోగించుటకు అధ్యక్షునికి విస్తారమైన అధికారమిచ్చిన ఆ తీర్మానమును దిగువసభలో ఒక్కరైనను వ్యతిరేకింపలేదు. ఎగువసభలో వ్యతిరేకించినవారు ఇద్దఱు. ఇన్ని యిండ్లలో ఇంత చర్చ జరిగియు అట్టి యుద్ధము ఆగలేదే, మఱి చర్చ దేనికి?

ఈ యాక్షేపణకు సులభమైన సమాధానము లేదు. ఉన్నదని నటించుట అసత్యము. చర్చ యుద్ధమును ఆపునను వాగ్దానమును ఎవరును చేయజాలరు. కాని మఱునాటి సంవత్సరము మార్చి నెలలో మిషిగన్ విశ్వవిద్యాలయమున ఉపాధ్యాయులును విద్యార్థులును రాత్రియంతయు మేలుకొని ఆ యుద్ధమును గూర్చి చర్చించినప్పుడు, ఆ రీతి శీఘ్రముగా ఇతర విద్యాలయములకును వ్యాపించినది. ప్రభుత్వము చెప్పిన కారణములను పరీక్షించు భాష దేశమునకు క్రమముగా అలవడినది. భాష యుద్ధమును వెంటనే ఆపదు. కాని భాష లేనిచో తప్పును తప్పనుటకే వీలుండదు. మాట నేర్వని ప్రజల దుఃఖము ఏ మంత్రాలోచన సభలోను వినబడదు.

ఇంకొక యాక్షేపణ రహస్యమునకు సంబంధించినది. రాయబారము బహిరంగముగా నడువదనియు, ఎదుటివానితో బేరమాడుచున్నప్పుడు మన హద్దును ముందే చాటుట అవివేకమనియు దౌత్యనిపుణులందురు. ఇది కొంతవఱకు సత్యము. అయినను రాయబారము యొక్క రహస్యము వేఱు, పరిస్థితి యొక్క రహస్యము వేఱు. 1954 ఏప్రిల్ 29న భారత చైనాల మధ్య పంచశీల సూత్రములతో కూడిన టిబెట్టు ఒప్పందము కుదిరినది. తరువాతి యేండ్లలో రెండు దేశముల ప్రజలు సోదరులను నినాదము ఊరూర మ్రోగినది. ఆ యేండ్లలోనే సరిహద్దును గూర్చి రెండు ప్రభుత్వముల మధ్య ఉత్తరప్రత్యుత్తరములు జరుగుచున్నను, అక్సాయి చిన్ మీదుగా చైనా రహదారిని నిర్మించినను, ఆ సంగతులు పార్లమెంటునకు సమగ్రముగా తెలియుటకు 1959 ఆగస్టు, సెప్టెంబరు మాసములు రావలసివచ్చెను. శ్వేతపత్రము బయటపడిన నాడు ప్రజల మనస్సు ప్రేమనుండి క్రోధమునకు ఒక్కమాటున దుమికినది. నడుమ ఆలోచన యను మెట్టు లేకపోయెను. ఆ క్రోధము సంప్రతింపులకు గల అవకాశమును ఇంకను ఇఱుకు చేసినది. 1962 యుద్ధమునకు కారణములు పెక్కులు. వానిలో చైనా బాధ్యతను తగ్గించుట ఇచ్చట ఉద్దేశము కాదు. కాని క్రమముగా తెలిసికొన్న ప్రజ ఒడుదుడుకులను సహింపగలదు. హఠాత్తుగా తెలిసికొన్న ప్రజ ద్రోహము జరిగినదని మాత్రమే తలంపగలదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యనునది ఏలికలకు మాత్రమే చెప్పిన సామెత కాదు. అంతవఱకు అడుగక యూరకున్న పౌరులకును అది చెందును.

భారతదేశమున ఇట్టి చర్చకు సాధనములు లేవనుట సరికాదు. ప్రపంచవ్యవహారముల భారత మండలి 1943లోనే స్థాపింపబడినది. సర్ తేజ్ బహదూర్ సప్రూ దానికి తొలి అధ్యక్షుడు. 1947 మార్చి, ఏప్రిల్ మాసములలో ఢిల్లీ పాతకోటలో జరిగిన ఆసియా సంబంధ సభను ఆ మండలియే సమకూర్చినది. సప్రూ భవనమున జరిగిన ప్రసంగముల విలువ గొప్పది. కాని అది రాజధానిలోని విద్వాంసుల గోష్ఠి. మఱొక వంక, 1956లో ఆకాశవాణి, యునెస్కో సహాయముతో, ఆనాటి బొంబాయి రాష్ట్రమున అయిదు మరాఠీ జిల్లాలలోని నూటయేబది గ్రామములలో రేడియో గ్రామగోష్ఠులను ఏర్పఱచినది. గ్రామస్థులు ఒకచోట కూడి ఇరువది ప్రసారములను విని, ప్రతిదాని పిమ్మటను చర్చించి, సందేహములను కేంద్రమునకు వ్రాసి పంపిరి. కెనడా రైతులు అంతకుముందు అనుసరించిన పద్ధతియే దీనికి మాదిరి. అక్షరజ్ఞానము లేనివారును చక్కగా చర్చింపగలరని ఆ ప్రయోగము వెల్లడించినది. అయితే వారికి ఒసగిన విషయములు ఎరువులు, పశువులు, పారిశుధ్యము వంటివి. ఎరువును గూర్చి ఆలోచింపగలవాడు ఆ యెరువు ఏ దేశమునుండి, ఏ షరతులపై వచ్చునో ఆలోచింపలేడా? సప్రూ భవనమునకు ప్రపంచము దక్కినది, ఊరిరచ్చకు పేడకుప్ప దక్కినది. ఈ పంపకమును ఎవరును దురుద్దేశముతో చేయలేదు. అయినను ఇది ధర్మబద్ధమైన పంపకము కాదు.

నిపుణుని విలువను తగ్గించుట వలన ఈ లోపము తీఱదు. వైద్యుడు రోగికంటె శరీరమును బాగుగా ఎఱుగును. ఏ మందు ఏ నాడిపై పనిచేయునో అతడే చెప్పగలడు. కాని శస్త్రచికిత్సకు ఒప్పుకొనునది రోగియే. కత్తి దిగునది వాని దేహమున. ఏ మార్గమున పోయిన ఏమి జరుగునో చెప్పుట నిపుణుని పని. దేనికై ఎంత వెచ్చింపదగునో, దేనికై ఎంత రక్తము ఒలికింపరాదో చెప్పుట నిపుణుని విద్యలో లేదు. అది ధర్మనిర్ణయము, దాని భారమును ఇతరుల తలపై పెట్టి నిద్రించుట ఎవరికిని చెల్లదు.

అట్లని గుంపుగా కూడి కేకలు వేయుట చర్చ కాదు. చర్చకును సభకును గల భేదమును గమనింపవలెను. సభలో వక్త తనవారి చప్పట్లను కోరును; చర్చలో మనుష్యుడు తన పొరపాటును కనుగొనుటకు సిద్ధపడును. పరరాజ్య విషయములలో ఈ భేదము మఱింత ముఖ్యము. ఇంటి తగవులో ఎదుటివాడు ఎదుటనే యుండును; తన మాటను తానే చెప్పుకొనును. దేశముల తగవులో ఎదుటివాడు ఎల్లయావల నుండును. అతని మాట మన నోటనుండియే వినబడవలెను. కావున శత్రుపక్షపు వాదమును, వారు విన్నచో తమ వాదము ఇదియేనని ఒప్పుకొనునంత న్యాయముగా చెప్పగలుగుటయే ఇట్టి చర్చకు తొలి నియమము. ఇది చేయలేనివాడు దేశభక్తుడు కాకపోడు. కాని వాని దేశభక్తి ఇంకను పరీక్షకు నిలువలేదు. పొరుగువాని వాదమును విన్నంతమాత్రమున కరగిపోవు ప్రేమ, వినకున్నను ఎక్కువకాలము నిలువదు.

మహాభారతమున శ్రీకృష్ణుడు రాయబారిగా హస్తినకు వచ్చినప్పుడు నిండుసభలో మాటలాడెను. సంధి ప్రయత్నము విఫలమగునని ఆయన ఎఱుగకపోలేదు. విఫలమైనను కారణము లోకమునకు తెలియవలెననియు, సంధికై యత్నింపలేదను నింద మిగులరాదనియు ఆయన ఉద్దేశము. ఆ సభలో భీష్మద్రోణులవంటి పెద్దలుండిరి. వారు ధర్మమెఱిగియు, చెప్పవలసినంత చెప్పియు, కడకు దుర్యోధనుని పక్షముననే యుద్ధము చేసిరి. ఎఱుగనివాని దోషము అల్పము. ఎఱిగియు ఊరకుండువాని దోషము అధికము. సామాన్యులు చర్చకు వెఱచుటకు లోతైన కారణము బహుశః ఇదియే కావచ్చును. తెలిసికొన్న పిమ్మట ఊరకుండుట కష్టము. అజ్ఞానమున ఒక నిశ్చింత కలదు. పెద్దలు చూచుకొందురనుటలోని సుఖమంతయు అందే యున్నది. ఆ సుఖమును విడుచుట గృహస్థునికి నష్టమే. కాని ఆ సుఖపు మూల్యమును చెల్లించుచున్నది ఆతడొక్కడే కాదు, ఎల్లయావల నుండు మఱియొక గృహస్థుడును అని తెలిసినప్పుడు దానిని పట్టుకొని వ్రేలాడుట న్యాయము కాదు.

బేరుబారిని భారతదేశముననే నిలిపిన 1974 ఒప్పందములోని తక్కిన భాగము సంపూర్ణముగా నెఱవేఱుటకు 2015 వఱకు కాలము పట్టినది. బంగ్లాదేశ్ నడుమ భారతదేశపు తునుకలు 111, భారతదేశము నడుమ బంగ్లాదేశ్ తునుకలు 51, ఆ సంవత్సరము జూలై 31 అర్ధరాత్రి నాడు చేతులు మాఱినవి. వానిలో నివసించువారు ఏబదివేలకు పైబడిరి. తరతరములుగా వారిలో అనేకులకు తమదని చెప్పుకొను బడి గాని, వైద్యశాల గాని, పోలీసు ఠాణా గాని లేకుండెను. పొరుగూరి సంతకు పోవుట యనగా పరదేశమునకు పోవుటయే యయ్యెను. ఆ మార్పిడిలో ఒక విశేషము జరిగినది. ప్రతి కుటుంబమును ఏ దేశపు పౌరసత్వమును కోరుదువని అడిగిరి. అధికసంఖ్యాకులు ఉన్నచోటనే ఉండుటకు నిశ్చయించుకొనిరి. వేయికి తక్కువగా కొందఱు ఇల్లు విడిచి భారతదేశమునకు వచ్చిరి. ఎవరి నిర్ణయమైనను తేలిక యైనది కాదు. ఒకే యింటిలో అన్న ఒక దేశమును, తమ్ముడు మఱొక దేశమును ఎన్నుకొనవలసిన సందిగ్ధము వారి ముందుండెను.

పరరాజ్య నీతి యనునది ఎవరి పెరటినుండి పోవునో ఎవరును ముందుగా చెప్పలేరు. 1958లో బేరుబారి రైతును అడిగినవారు లేరు. 2015లో ఆ తునుకల వారిని అడిగిరి. ఈ రెండు తేదీల నడుమ దేశము నేర్చుకొన్న పాఠము పెద్దది కాకపోవచ్చును, కాని నిజమైనది. అడుగబడిన నాడు చెప్పుటకు తగిన ఆలోచన కలిగియుండుట గృహస్థుని వంతు. అది యొక్కనాటిలో అలవడునది కాదు. పదిమంది కూర్చుండి, ఒకరి మాట నొకరు విని, పటమును పఱచి, గీత ఆవల నున్నవాడును మనవలెనే ఉదయముననే నాగలి కట్టుచుండునని తలచుకొనుటతో అది ఆరంభమగును.